ఏలిక భద్రాద్రిలో ఉండగా – భక్త రామదాసు జీవితగాథ

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః



జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా వెలువడే ఇటువంటి సంచిక చేతికి రాగానే మనలో చాలామంది ముందుగా తెరిచేది దాతల పట్టికనే. మన పేరు ఉన్నదా, తల్లిదండ్రుల పేర్లు, గోత్రం తప్పులు లేకుండా అచ్చయినవా అని చూసుకుంటాం. అది సహజమే. కష్టపడి సంపాదించిన ద్రవ్యంలో కొంత భాగాన్ని దైవకార్యానికి సమర్పించిన వారికి ఆమాత్రం ఆసక్తి ఉండటంలో దోషమేమీ లేదు. ఆ పట్టికను చూసిన కన్నులతోనే ఇప్పుడు ఒక మహనీయుని జీవితాన్ని చూడవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను. ఆయన కూడా ఆలయం కట్టించినవారే. గోపుర ప్రాకార మంటపాలతో, స్వర్ణాభరణాలతో, నిత్యోత్సవాలతో స్వామి వైభవాన్ని కన్నులారా చూడాలని తపించినవారే. అందుకు ప్రతిఫలంగా ఈ లోకం ఆయన చేతులకు సంకెళ్ళు తొడిగింది.

భద్రాచల రామదాసు కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. హరికథల్లో విన్నాం, 1964లో నాగయ్యగారు నిర్మించి నటించిన చిత్రంలోనూ, 2006లో వచ్చిన శ్రీరామదాసు చిత్రంలోనూ చూశాం. అయినా ఆ కథలో ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. లోకాన్ని ఏలేవాడు భగవంతుడే అయినప్పుడు, ఆ భగవంతునికి గుడి కట్టినవాడు అన్నేళ్ళు చెరలో ఎందుకు మగ్గాలి? ఈ ప్రశ్న రామదాసుగారికి మాత్రమే చెందినది కాదు. నియమంగా పూజ చేసుకునే ఇంట జబ్బు ప్రవేశించినప్పుడు, ధర్మంగా వ్యాపారం చేసినవాడు నష్టపోయినప్పుడు, చేతికి అందివచ్చిన బిడ్డ దూరమైనప్పుడు మీ మనస్సులోనూ ఇదే ప్రశ్న తలెత్తి ఉంటుంది. దీనికి శాస్త్ర చర్చతో సమాధానం చెప్పగల పండితులు ఉన్నారు. రామదాసుగారు చర్చ చేయలేదు. చెరలో కూర్చుని పాడారు. ఏమి పాడారో, ఎవరిని ఉద్దేశించి పాడారో గమనిస్తే మనకు దారి దొరుకుతుంది.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. జన్మస్థలం నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. కాలం క్రీ.శ. 17వ శతాబ్దం. తండ్రి లింగన్నమంత్రి, తల్లి కామాంబ, ధర్మపత్ని కమలమ్మ. బౌద్ధుల కాలం నాటి మహాస్తూపం ఉన్న ప్రాచీన గ్రామమది. నేడు అక్కడ రామదాసుగారి పేర ధ్యానమందిరం కూడా ఉన్నది. గోపన్నగారిది నియోగి కుటుంబం. అంటే కరణీకం, లెక్కాపత్రం, రాజకొలువుల మర్యాదలు తరతరాలుగా ఎరిగిన వంశం. ఈ ఒక్క సంగతిని మనస్సులో ఉంచుకోండి. చెరసాల కీర్తనల దగ్గరకు వచ్చినప్పుడు దీనితో మనకు పని పడుతుంది.

ఆనాడు తెలుగు దేశంలో అధిక భాగం గోలకొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉండేది. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా సింహాసనం అధిష్ఠించారు. తానీషాగా మనకు సుపరిచితులైన ప్రభువు ఆయనే. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న సోదరులు అత్యున్నత పదవులలో ఉండేవారు. రాజ్యపు ఆదాయ వ్యయాలు, పాలనా వ్యవహారాలు మాదన్నగారి చేతిమీదుగానే నడిచేవి. వీరు గోపన్నగారికి మేనమామలు అని సంప్రదాయం చెబుతున్నది. వారి ప్రాపకంతోనే గోపన్నగారికి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం లభించింది. శిస్తు వసూలు చేయడం, లెక్కలు వ్రాయడం, పైకాన్ని గోలకొండ ఖజానాకు చేర్చడం ఆయన విధి. భద్రాచలం ఆ పరగణాలోనే ఉండేది.

ఇక్కడ కొంతసేపు ఆగి మరొకరిని తలచుకోవాలి. భద్రగిరి రామునికి మొట్టమొదట నీడ కల్పించిన వ్యక్తి గోపన్నగారు కారు. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ. మేరు పర్వతరాజు కుమారుడైన భద్రుడు గోదావరి తీరాన తపస్సు చేశాడనీ, అతనికి ఇచ్చిన మాట ప్రకారం శ్రీమహావిష్ణువు రామరూపంలో చతుర్భుజుడై, శంఖచక్రాలతోనూ ధనుర్బాణాలతోనూ, ఎడమ తొడపై సీతమ్మను కూర్చుండబెట్టుకుని, ప్రక్కన లక్ష్మణస్వామితో ఆ కొండమీద వెలిశాడనీ స్థలపురాణం. కాలక్రమంలో ఆ మూర్తులు పుట్టలో మరుగునపడగా, భద్రిరెడ్డిపాలెం నివాసి అయిన దమ్మక్కకు స్వామి కలలో కనిపించాడు. ఆమె పుట్టను వెదకి, గోదావరి జలాలతో మట్టిని కడిగి, విగ్రహాలకు ఆకుల పందిరి వేసింది. అడవిలో దొరికే తాటిపండ్లను నైవేద్యంగా పెట్టింది. ఆమెకు పరగణా లేదు, పదవి లేదు, శిల్పులు లేరు. పందిరి కింద ఉన్నవాడు జగదేకప్రభువు అన్న నమ్మకం మాత్రం ఉన్నది. ఆలయాల చరిత్ర వ్రాసేటప్పుడు శిలాశాసనాలలో పేరు ఎక్కిన దాతలనే మనం ఎక్కువగా స్మరిస్తాం. దమ్మక్క వంటివారి పేర్లు ఎన్ని మరుగునపడిపోయాయో! భద్రాచలం ఆ విషయంలో అదృష్టం చేసుకున్న క్షేత్రం. ఆ తల్లి పేరు నేటికీ ప్రజల నోట నిలిచే ఉన్నది.

గోపన్నగారు తహసీల్దారుగా వచ్చి చూసినది ఈ పందిరినే. అప్పటికే ఆయన రామభక్తులు. రఘునాథ భట్టరు గురుత్వంలో వైష్ణవ సంప్రదాయాన్ని అనుసరించారనీ, కబీరు నుండి తారకమంత్రోపదేశం పొందారనీ చెబుతారు. సుప్రసిద్ధుడైన కబీరుదాసు వీరికన్నా చాలా ముందు కాలంవాడు కనుక, ఇక్కడ ఆ పరంపరకు చెందిన సాధువును గ్రహించడం సమంజసంగా ఉంటుంది. ఏమైనా, లోకమంతటికీ నీడనిచ్చే స్వామి ఆకుల పందిరి కింద ఉండటం చూసి ఆ ఉద్యోగి గుండె కరిగింది. ఆలయం కట్టాలని సంకల్పించారు.

ద్రవ్యం ఎక్కడిది? కథకు ఆయువుపట్టు ఇదే. దాతలైన మీరు ఈ భాగాన్ని మరింత జాగ్రత్తగా చదువుతారని నాకు తెలుసు. ప్రజలు తమకు తోచినంత ఇచ్చారు, పంటలు చేతికి వచ్చాక మరింత ఇస్తామని మాట ఇచ్చారు అని కొందరు చెబుతారు. ఎవరు ఎంత ఇచ్చినా, ఖజానాకు చేరవలసిన శిస్తు పైకం కూడా నిర్మాణానికి ఖర్చయినదని అందరూ అంగీకరించే విషయం. అది ఆరు లక్షల వరహాలని సంప్రదాయం చెప్పే లెక్క. ఇక్కడ మనం భక్తి పేరిట నిజాన్ని కప్పిపుచ్చనవసరం లేదు. సర్కారు పైకం సర్కారుదే. ఉద్దేశం ఎంత పవిత్రమైనా, యజమాని అనుమతి లేకుండా ఖర్చు చేయడం ఉద్యోగధర్మం కాదు. గోపన్నగారు దొంగ కారు, ఒక్క కాసు తన ఇంటికి తీసుకువెళ్ళలేదు. అయినా లెక్కలో లోటు లోటే. ఈ సంగతిని భద్రాద్రి రాముడు కూడా కాదనలేదని కథ చివరన చూస్తాం.

ఆలయం లేచింది. విమాన శిఖరంపై నిలపవలసిన సుదర్శనచక్రాన్ని శిల్పులు ఎంత ప్రయత్నించినా తీర్చలేకపోయారనీ, స్వామి స్వప్నంలో చెప్పగా గోపన్నగారు స్వయంగా గోదావరిలో మునిగి వెదకి, ఆ చక్రాన్ని పైకి తెచ్చి ప్రతిష్ఠించారనీ భక్తుల విశ్వాసం. శిఖరప్రతిష్ఠను కన్నులారా చూసిన మీకు ఆ క్షణంలో ఆయన అనుభవించిన ఆనందం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఉత్సవమూర్తులకు ఆభరణాలు చేయించారు. సీతమ్మకు చింతాకు పతకం, భరతునికి పచ్చల పతకం, లక్ష్మణునికి, శత్రుఘ్నునికి తగిన సొమ్ములు, రామునికి కలికితురాయి. శ్రీరామనవమికి సంతర్పణలు జరిపించారు. అటువంటి ఒక సంతర్పణ నాడే ఆయన పసిబిడ్డ వేడి గంజి గుంటలో పడి మరణించాడనీ, తండ్రి రాముని ముందు మొరపెట్టుకోగా తిరిగి ప్రాణంతో లేచాడనీ అంటారు. కన్నబిడ్డను తిరిగి ఇచ్చిన రాముడు తనను మాత్రం చెరకు పంపడమేమిటని తరువాతి రోజులలో ఆయనకు అనిపించి ఉండదా? తప్పక అనిపించి ఉంటుంది. ఒకసారి అడిగినదే తడవుగా పలికినవాడు మరొకసారి ఎంత పిలిచినా పలకకపోవడం కన్నా భక్తునికి పెద్ద పరీక్ష ఉండదు.

పైకం ఖజానాకు చేరలేదన్న వార్త గోలకొండకు చేరింది. గోపన్నగారిని బంధించి తెచ్చారు. పైకం చెల్లించేవరకు చెరలో ఉంచవలసిందిగా ఆజ్ఞ అయింది. సంప్రదాయం ప్రకారం ఆ చెర పన్నెండు సంవత్సరాలు సాగింది. ఇక్కడ మరొక విషయం ఆలోచించండి. మేనమామలు రాజ్యంలోనే అత్యంత శక్తిమంతులు. వారి ఒక్క మాటతో ఎందరో ఉద్యోగాలు పొందేవారు, పోగొట్టుకునేవారు. అటువంటి వారు ఉండి కూడా మేనల్లుని విడిపించలేకపోయారు. పెద్ద పదవిలో మనవారు ఉన్నారన్న ధైర్యం ఎంతవరకు పనికివస్తుందో గోపన్నగారికి తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు.

గోలకొండ కోటకు వెళ్ళినవారు బాలాహిసారుకు ఎక్కే దారిలో రామదాసు బందిఖానాను చూసి ఉంటారు. ఎత్తైన రాతి గోడలు, పైకప్పు దగ్గర వెలుతురు పడే చిన్న సందు. నిజానికి అది సరకులు నిలువ చేసుకోవడానికి కట్టిన కొట్టు అని పరిశీలకులు చెబుతారు. మనుషులు నివసించడానికి ఉద్దేశించిన చోటు కాదది. ఆ గోడమీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు చెక్కి ఉన్నాయి. గోపన్నగారే చెక్కుకున్నారని భక్తుల నమ్మకం. భద్రాచలంలో రాతి ఆలయం కట్టించిన ఆయన గోలకొండ చీకటికొట్టులో చేతికి అందిన గోడనే ఆలయం చేసుకున్నారు. మొదటి ఆలయానికి ఆరు లక్షల వరహాలు పట్టాయి, రెండవదానికి ఏమీ పట్టలేదు.

ఆ చీకటిలోనే గోపన్నగారు రామదాసు అయ్యారు. నూరుకు పైగా కీర్తనలు, దాశరథీ శతకం ఆయన మనకు ఇచ్చి వెళ్ళిన ఆస్తి. కీర్తనలన్నీ చెరలోనే పుట్టినవి కాకపోవచ్చు. కాని మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠంలో వాటిని విని కంటతడి పెట్టిన ప్రతివారికీ ఆ చెర వాసన వాటిలో తగులుతుంది.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న సంగతిని బయటికి తీయండి. గోపన్నగారు లెక్కల మనిషి. అన్నింటికన్నా ప్రసిద్ధమైన చెరసాల కీర్తనలో ఆయన చేసిన పని ఏమిటి? లెక్క చెప్పారు! ఏ దేవునికి ఏ నగ చేయించారు, దానికి ఎంత సొమ్ము పట్టింది అని ఒక్కొక్క పద్దుగా స్వామి ఎదుట చదివారు. అవి పుట్టింటివారో అత్తింటివారో పెట్టిన సొమ్ములు కావని నిష్ఠూరంగా గుర్తు చేశారు. ఖజానా అధికారులు ఏ లెక్కలు అడిగి హింసించారో, ఆ లెక్కలనే తీసుకువెళ్ళి మరొక కచేరీలో దాఖలు చేశారు. దీన్ని కొందరు నిందాస్తుతి అంటారు, మరికొందరు భక్తుని కోపం అంటారు. నాకు తోచినంతలో ఇది అంతకుమించినది. మనం ఫిర్యాదును ఎవరి దగ్గరకు తీసుకువెళతాం? అధికారం ఎవరి చేతిలో ఉన్నదని నమ్ముతామో వారి దగ్గరకే. దారినపోయే వారితో వ్యాజ్యం చెప్పుకోము. రామదాసుగారి మొర అంతా రాముని పేరనే సాగింది. కొరడా పట్టుకున్నవాడు గోలకొండ భటుడైనా, ఆజ్ఞ ఇచ్చినవారు తానీషా అయినా, చివరి మాట చెప్పవలసినవాడు భద్రాద్రిలో ఉన్నాడని ఆయన ఒక్కనాడూ మరచిపోలేదు. ఆ కోపంలో దాగి ఉన్న విశ్వాసం, ఎన్నో ప్రశాంత స్తోత్రాలలో కూడా కనిపించదు.

అదే కీర్తనలో, స్వామిని కఠినంగా మాట్లాడిన వెంటనే, ఆయన వెనుకకు తగ్గి క్షమాపణ కోరుకున్నారు. దెబ్బల బాధకు ఓర్చుకోలేక నోరు జారానే తప్ప మనస్సులో వైరం లేదని బ్రతిమాలుకున్నారు. ఇంట్లో తండ్రితో గొడవపడిన కొడుకు అన్నం వేళకు తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడినట్లుగా ఉంటుంది ఆ ఘట్టం. మరొక కీర్తనలో తండ్రి పలకడం లేదని తల్లిని ఆశ్రయించారు. ఏకాంతంలో స్వామితో ఉన్న సమయం చూసి తన సంగతి ఒక మాట చెప్పమని సీతమ్మను వేడుకున్నారు. పండితుల సమాసభూయిష్ఠమైన భాష కాదది. మన ఇళ్ళలో అమ్మల దగ్గర పిల్లలు వాడే మాటలే. ఇంకొక కీర్తనలో సృష్టి అంతా రామునితో నిండి ఉన్నదని దర్శించారు. ఈ కీర్తనల మీద తేదీలు లేవు. కోపం ముందు వచ్చి శాంతి తరువాత వచ్చిందని వరుస పేర్చడం మన సౌకర్యం కోసం చేసుకునేదే. ఒకే మనిషిలో, బహుశా ఒకే రోజున, ఈ రెండూ ఉన్నాయనుకోవడమే నాకు నిజమనిపిస్తుంది. భగవంతుని ఏలుబడిని నమ్మినవాడికి ఏడుపు రాదని ఎవరైనా చెబితే, వారు రామదాసు కీర్తనలు వినలేదన్నమాట.

పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో బంధించిన కర్మఫలంగానే ఈ చెర ప్రాప్తించిందని కథ చెప్పేవారు వివరిస్తారు. కర్మసిద్ధాంతం మన ధర్మానికి పునాది కనుక ఆ వివరణను కాదనను. అయితే బాధలో ఉన్నవాని ఎదుట కూర్చుని ఇది నీ పూర్వకర్మ అని చెప్పేవారు ఎక్కువైతే, అతనికి మిగిలిన కొంచెం ధైర్యం కూడా జారిపోతుంది. రామదాసుగారి హృదయం ఆ లెక్క మీద కాక, దాశరథి కారుణ్యం మీద నిలిచింది. శతకం మకుటంలో ప్రతి పద్యం చివరన ఆయన రాముని కరుణకు సముద్రమని పిలిచారు. ఒకసారి కాదు, నూరుసార్లకు పైగా.

ఇక విడుదల ఘట్టం. ఒక రాత్రి ఇద్దరు తేజస్వులైన యువకులు తానీషా శయనమందిరంలో ప్రత్యక్షమయ్యారు. తాము రామోజీ, లక్ష్మోజీలమనీ, గోపన్న సేవకులమనీ చెప్పి, ఆరు లక్షల పైకాన్ని రామముద్ర గల నాణాలుగా కుప్పపోసి, ప్రభువు చేత చెల్లుచీటి వ్రాయించుకున్నారు. ఆ చీటిని నిద్రిస్తున్న గోపన్న తలగడ దగ్గర ఉంచి అంతర్ధానమయ్యారు. తెల్లవారిన తరువాత ప్రభువుకు సంగతి బోధపడింది. స్వయంగా వచ్చి సంకెళ్ళు విప్పించారు, పైకం తిరిగి ఇవ్వబోయారు. గోపన్నగారు జ్ఞాపకంగా రెండు నాణాలను మాత్రమే స్వీకరించారని చెబుతారు.

ఈ ఘట్టాన్ని మనం ఎన్నిసార్లు విన్నా రెండు విషయాలను గమనించకుండా దాటిపోతుంటాం. మొదటిది ఆ చెల్లుచీటి. సర్వలోకాధిపతి తలచుకుంటే చెరసాల గోడలు కూలిపోయేవి, ప్రభువు మనస్సు మారిపోయేది, బాకీయే రద్దయ్యేది. రాముడు ఆ మార్గాలు ఏవీ ఎన్నుకోలేదు. అణా పైసలతో సహా పైకం చెల్లించాడు, రసీదు తీసుకున్నాడు. తన భక్తుడు రాజుకు బాకీ ఉన్నాడన్న మాటను మన్నించి, ఆ బాకీని తన భుజానికి ఎత్తుకున్నాడు. ఈ కథలో దేవుని రాజ్యం మనుషుల ధర్మాన్ని తుడిచివేయదు. దాన్ని పూర్తి చేస్తుంది. ఆలయ కార్యాలలో లెక్కాపత్రాలు పట్టుకునే కార్యకర్తలు ఈ చెల్లుచీటిని కొంచెం ఎక్కువగా తలచుకుంటే మంచిదని నా మనవి.

రెండవది ఇంకా లోతైనది. రాముడు దర్శనమిచ్చినది తానీషాకు! అన్నేళ్ళు పిలిచిన భక్తుడు నిద్రలోనే ఉన్నాడు. బంధించిన ప్రభువుకు సాక్షాత్కారం, బంధింపబడినవానికి తలగడ దగ్గర ఒక కాగితం. విడుదలైన ఆనందం కన్నా ఈ దుఃఖమే రామదాసుగారిని కలచివేసిందని కథకులు చెబుతారు. ఇది ఏమి న్యాయం అని మనకు అనిపిస్తుంది. ఎవరికి ఏమి, ఎప్పుడు, ఏ రూపంలో ఇవ్వాలో నిర్ణయించేవాడు రాజు. అది అడిగేవాని చేతిలో ఉండదు. మనం కోరినది ప్రక్క ఇంటివారికి అందినప్పుడు మన భక్తి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి కథ లేదు. రామదాసుగారు అలిగి రాముని విడిచిపెట్టలేదు. భద్రాచలానికి తిరిగి వెళ్ళి శేషజీవితాన్ని స్వామి సన్నిధిలోనే గడిపారు.

కథ ఇక్కడికి ముగిస్తే తానీషా మనకు ఒక ప్రతినాయకునిగానో, లేదా కాకతాళీయంగా పుణ్యం దక్కినవానిగానో మిగిలిపోతారు. చరిత్ర చెప్పే మిగతా భాగం కూడా తెలుసుకోవలసినదే. అబుల్ హసన్ రాచవంశానికి చెందినవారైనా, యౌవనంలో అధికభాగం హైదరాబాదులో షా రాజు అనే సూఫీ సాధువు ఆశ్రమంలో ఫకీరువలె గడిపారు. సింహాసనం ఆయన కోరకుండానే వచ్చింది. పదిహేనేళ్ళు దాటగానే పోయింది. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధులలో దారుణంగా హత్యకు గురయ్యారు. మరుసటి సంవత్సరం ఔరంగజేబు సేనలు కోటను ముట్టడించాయి. ఎనిమిది నెలల ముట్టడి తరువాత, 1687 సెప్టెంబరులో, లోపలివాని ద్రోహం వల్ల ద్వారం తెరుచుకుంది. శత్రుసేనానులు తనను బంధించడానికి లోపలికి వచ్చినప్పుడు తానీషా ఏడుస్తున్న అంతఃపుర జనాన్ని ఓదార్చి, ఆ సేనానులకు స్వాగతం చెప్పి, వేళకు భోజనం వడ్డించమన్నారు. ఇటువంటి సమయంలో అన్నం ఎలా సహిస్తున్నదని వారు ఆశ్చర్యపోగా, ఫకీరు జీవితాన్నీ, రాజ్యాన్నీ తనకు ఇచ్చినవాడు భగవంతుడేననీ, ఆయన దయ మీద తనకు నమ్మకం ఉన్నదనీ శాంతంగా సమాధానమిచ్చారని మొగలుల చరిత్రకారుడైన ఖాఫీఖాన్ వ్రాశాడు. శత్రుపక్షం వాడే అయినా ఆ నిబ్బరాన్ని నమోదు చేయకుండా ఉండలేకపోయాడు.

ఆపైన తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. అక్కడ ఆయన దాదాపు పన్నెండు సంవత్సరాలు చెరలో ఉండి, 1699లో మరణించారు. సమాధి దౌలతాబాదు సమీపంలోని ఖుల్దాబాదులో ఉన్నది. గోలకొండ చెంత తన పూర్వికుల సమాధుల నడుమ ఆయనకు చోటు దక్కలేదు. పన్నెండేళ్ళకు పన్నెండేళ్ళు అని లెక్క సరిచూసి, ఇది భక్తుని బాధించిన పాపఫలం అని తీర్పు చెప్పాలని ఎవరికైనా అనిపించవచ్చు. అలా చెప్పవద్దని నా ప్రార్థన. రామదర్శనం పొందిన పుణ్యాత్మునిగానే మన పెద్దలు ఆయనను స్మరించారు. ఒకే రాజ్యంలో ఒకరు బందీగా, ఒకరు రాజుగా జీవించి, ఇద్దరూ చెరసాలను చూసి, ఇద్దరూ తమ పైన మరొక ఏలిక ఉన్నాడని గ్రహించారు. ఒకరు ఆ ఏలికను తెలుగు కీర్తనలలో పిలిచారు. మరొకరు భోజనం పళ్ళెం ముందు కూర్చుని తలచుకున్నారు.

గోలకొండ రాజ్యం అంతరించింది. ఆ తరువాత మొగలులు, నిజాములు, ఆంగ్లేయులు వచ్చారు, వెళ్ళారు. రామదాసుగారి కీర్తనలు మాత్రం భజనమందిరాలలో నిలిచాయి. త్యాగరాజస్వామి తమ కీర్తనలో రామదాసుగారి బంధవిముక్తిని తలచుకుని, తనపైనా ఆ దయ చూపమని రాముని వేడుకున్నారు. కావేరీ తీరంలోని ఆ మహానుభావునికి గోదావరీ తీరపు బందీ ధైర్యమిచ్చాడు.

ఇప్పుడు భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. చైత్రశుద్ధ నవమినాడు మిథిలా ప్రాంగణంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం తానీషా నాటిదని చెబుతారు. ఏలిన ప్రభువులు మారినా, ఆ పళ్ళెం తలపై పెట్టుకుని స్వామి ఎదుటకు నడిచే మర్యాద మారలేదు. మరునాడు దశమికి శ్రీరామ పట్టాభిషేకం జరుగుతుంది. మీరు ఎప్పుడైనా కల్యాణానికి వెళితే మాంగల్యధారణ సమయంలో జాగ్రత్తగా గమనించండి. అన్ని చోట్లా రెండే సూత్రాలు ఉంటాయి, భద్రాద్రిలో మూడు. దశరథ మహారాజు పక్షాన ఒకటి, జనక మహారాజు పక్షాన ఒకటి. మూడవది రామదాసుగారు చేయించినది.